ప్రసంగకుని స్థానములో యంత్రము: ట్యూరింగ్ ఖండించిన దైవశాస్త్ర అభ్యంతరముపై ఒక పునఃపరిశీలన

ఉపోద్ఘాతము

కృత్రిమ మేధ మానవుని స్థానమును తీసుకోగలదా అనే ప్రశ్న నేడు కార్యాలయములలోను కళాశాలలలోనే గాక సంఘములలో కూడా వినిపిస్తున్నది. శనివారము రాత్రి ఒక వాక్యభాగమును టైపు చేస్తే, నిమిషము గడవకముందే మూడు అంశములతో, ఉదాహరణలతో, ముగింపు ప్రార్థనతో సహా ప్రసంగము సెల్‌ఫోను తెరమీద కనబడుతున్నది. ఈ సౌకర్యమును వాడుకుంటున్న సేవకులు ఉన్నారు. దీనిని సాతాను సాధనమని త్రోసివేసేవారు కూడా ఉన్నారు. ఈ రెండు వైఖరులలో దేనినైనా చేపట్టకముందు మనము కొంత దైవశాస్త్ర ఆలోచన చేయవలసి ఉన్నది.

క్రైస్తవులు సాధారణముగా ఇచ్చే జవాబు ఇది: యంత్రమునకు ఆత్మ లేదు గనుక అది మానవునికి ప్రత్యామ్నాయము కాజాలదు. ఈ జవాబు అబద్ధమని మేము అనము. అయితే ఇది చాలినంత జవాబు కాదు. 1950లోనే అలన్ ట్యూరింగ్ అనే ఆంగ్ల గణితశాస్త్రవేత్త దీనిని పేరు పెట్టి ప్రస్తావించి, మన భాషలోనే దీనికి ప్రత్యుత్తరమిచ్చాడు. ఆ ప్రత్యుత్తరమును న్యాయముగా విని, దాని బలమును లోపమును పరిశీలించి, తరువాత ప్రసంగ పరిచర్యకు అన్వయించుట ఈ వ్యాసము ఉద్దేశము. మా ప్రతిపాదనను ముందుగానే చెప్పుచున్నాము: యంత్రము మనిషి మాటల స్థానమును తీసుకోగలదు గాని, ఆ మాటలకు లెక్క అప్పగించవలసిన వ్యక్తి స్థానమును తీసుకోలేదు.

1. ట్యూరింగ్ వాదము

ట్యూరింగ్ 1950లో 'మైండ్' అనే తత్త్వశాస్త్ర పత్రికలో ప్రచురించిన వ్యాసములో, యంత్రములు ఆలోచించగలవా అనే ప్రశ్నకు బదులు ఒక పరీక్షను ప్రతిపాదించాడు. ప్రశ్నించేవానికి కనబడకుండా ఒక మనిషి, ఒక యంత్రము వేరు వేరుగా ఉంటారు. ప్రశ్నలు, జవాబులు టైపు చేసిన అక్షరముల ద్వారానే నడుస్తాయి. ఎవరు మనిషో ఏది యంత్రమో ప్రశ్నించేవాడు పోల్చుకోలేకపోతే, యంత్రము ఆలోచిస్తున్నదని ఒప్పుకొనుటకు అభ్యంతరమేమి? సుమారు 50 సంవత్సరములలో, ఐదు నిమిషముల సంభాషణ తరువాత సామాన్య ప్రశ్నకర్త సరిగా గుర్తించే అవకాశము 70 శాతమునకు మించని స్థితి వస్తుందని ఆయన ఊహించాడు. కాలము విషయములో ఆయన తొందరపడ్డాడు గాని, నేటి యంత్రములను ఎరిగినవారు ఆయన ఊహను చూచి నవ్వలేరు.

తన ప్రతిపాదనపై రాగల తొమ్మిది అభ్యంతరములను ఆయన ఎదుర్కొన్నాడు. వాటిలో మొదటిది దైవశాస్త్ర అభ్యంతరము. దాని సారాంశమేమనగా, ఆలోచన అమర్త్యమైన ఆత్మకు చెందిన క్రియ, దేవుడు ఆత్మను స్త్రీ పురుషులకే అనుగ్రహించాడు, పశువులకు గాని యంత్రములకు గాని అనుగ్రహించలేదు, కాబట్టి యంత్రము ఆలోచించలేదు. ట్యూరింగ్ ఈ వాదమును అంగీకరించకపోయినా, దైవశాస్త్ర పరిభాషలోనే జవాబు చెప్పుటకు పూనుకున్నాడు. దేవుడు సర్వశక్తిమంతుడైతే, ఆయనకు ఇష్టమైనప్పుడు ఒక ఏనుగునకు ఆత్మను ఇవ్వలేడని మనమెట్లు అనగలము? తల్లిదండ్రులు బిడ్డలను కనునప్పుడు దేవుని సృష్టికార్యమును అపహరించుట లేదు గదా, ఆయన సృజించే ఆత్మలకు నివాసములను సిద్ధపరచే సాధనములుగానే ఉంటారు. యంత్రములను నిర్మించుట కూడా అటువంటిదే కావచ్చునని ఆయన అంటాడు. గెలీలియో కాలములో యెహోషువ 10:13ను, కీర్తనలోని ఒక వచనమును భూమి కదలదనుటకు రుజువుగా చూపిన సంగతిని కూడా ఆయన జ్ఞాపకము చేస్తాడు.

2. ఈ వాదములోని బలము

ఈ జవాబులో పరిహాసము కొంత ఉన్నది గాని, మనము త్రోసివేయలేని సత్యము కూడా ఉన్నది. దేవుడు దేనిని చేయలేడో మనము నిర్ణయించి, ఆ నిర్ణయము మీద మానవుని ఘనతను నిలబెట్టకూడదు. గాడిద నోరు తెరచి మాట్లాడిన వృత్తాంతమును (సంఖ్యాకాండము 22) చదివే మనము ట్యూరింగ్ ఏనుగును చూచి కలవరపడనవసరము లేదు.

రెండవదిగా, యంత్రము ఇది చేయలేదు, అది చేయలేదు అని గీతలు గీయుట వలన విశ్వాసమునకు మేలు కలుగలేదు. చదరంగములో మనిషిని మించలేదన్నారు. 1997లో డీప్ బ్లూ అనే కంప్యూటరు ప్రపంచ విజేత కాస్పరోవ్‌ను ఓడించింది. 'గో' అనే ఆట అంతకంటె కష్టమైనదన్నారు. 2016లో ఆల్ఫాగో అనే కార్యక్రమము కొరియా ఆటగాడు లీ సెడోల్‌పై గెలిచింది. భాష మనిషికే ప్రత్యేకమన్నారు. 2022 నవంబరులో విడుదలైన చాట్‌జీపీటీ తరువాత ఆ మాట కూడా నిలకడగా అనలేకపోతున్నాము. మానవుని విలువ అతని సామర్థ్యములో ఉన్నదని బోధించిన బోధకుడు, ప్రతి క్రొత్త యంత్రము వచ్చినప్పుడు ఒక అడుగు వెనుకకు వేయవలసి వస్తుంది.

3. దేవుని స్వరూపము: సామర్థ్యమా, నియామకమా?

మరి లోపమెక్కడ? మానవుని ప్రత్యేకత ఆలోచనాశక్తిలోనే ఉన్నదనే భావనను ట్యూరింగ్ చర్చించకుండానే స్వీకరించాడు. ఈ విషయములో ఆయనను మాత్రమే నిందించలేము, ఎందుకనగా ఆ భావనను ఆయనకు అందించినది చాలవరకు సంఘ సంప్రదాయమే. అగస్టీను త్రిత్వమును గూర్చిన తన గ్రంథములో మానవ మనస్సులోని స్మృతి, బుద్ధి, చిత్తములలో దేవుని స్వరూపపు ఛాయను వెదికాడు. థామస్ అక్వినాసు కూడా బుద్ధికి ప్రధాన స్థానమిచ్చాడు. ఈ మహనీయులు దేవుని ఎరిగి ప్రేమించుటను ఉద్దేశించి వ్రాశారు. అయితే కాలక్రమేణ ప్రేమ మరుగుపడి, బుద్ధి మాత్రమే మిగిలినది.

ఆదికాండము 1:26-28ను జాగ్రత్తగా చదివితే, దేవుని స్వరూపమును గూర్చిన మాట వెంటనే ఏలుబడిని గూర్చిన నియామకము కనబడుతుంది. పాత నిబంధన పండితుడు గెర్హార్డ్ ఫోన్ రాడ్ చూపినట్లు, ప్రాచీన కాలపు రాజులు తాము స్వయముగా ఉండని ప్రాంతములలో తమ అధికారమునకు గుర్తుగా తమ ప్రతిమలను నిలిపేవారు. ఆ విధముగా మానవుడు దేవుని ప్రతినిధిగా భూమిమీద నిలుపబడ్డాడు. కార్ల్ బార్త్ మరియొక కోణము నుండి, దేవుడు సంబోధించగా జవాబు పలుకవలసిన 'నీవు'గా మానవుడు సృజింపబడ్డాడని వివరించాడు. ఈ ఇద్దరి వివరణలలో భేదమున్నది గాని, ఇద్దరూ స్వరూపమును ఒక స్థానముగా, ఒక సంబంధముగా గ్రహించారు. మానవునిలో ఉన్న ఒక పనిముట్టుగా గ్రహించలేదు. ఆదికాండము 9:6 నరహత్యను, యాకోబు 3:9 మనుష్యులను శపించుటను ఈ స్వరూపము ఆధారముగానే ఖండిస్తాయి. చంపబడినవాడు ఎంత తెలివిగలవాడు, శపింపబడినవాడు ఎంత చదివినవాడు అని అవి అడుగుట లేదు.

ఇది పాండిత్య చర్చ మాత్రమే అనుకొనరాదు. మన సంఘములలో బుద్ధిమాంద్యము గల బిడ్డలున్నారు. జ్ఞాపకశక్తి పోయి కన్నకొడుకును కూడ గుర్తుపట్టలేని వృద్ధులున్నారు. దేవుని స్వరూపము తెలివిలోనే ఉన్నదని మనము బోధిస్తే, ప్రవేశ పరీక్షలు వ్రాయగల యంత్రము ఆ బిడ్డకంటె దేవునికి దగ్గరగా ఉన్నదని ఒప్పుకోవలసి వస్తుంది. ఆ బిడ్డ తల్లి మన ప్రసంగము వినుచు వెనుక వరుసలో కూర్చుని ఉంటుంది. యంత్రమును గూర్చి మనము తొందరపడి చెప్పే జవాబు ఆమెకు ఏమి చెప్పుచున్నదో మనము ఆలోచించాలి.

4. ఎలైజా నేర్పిన పాఠము

ట్యూరింగ్ పరీక్షలోని ఇంకొక లోపమును దైవశాస్త్రవేత్త కాక ఒక కంప్యూటరు శాస్త్రవేత్తయే బయలుపరచాడు. నాజీల హింసను తప్పించుకొని 1936లో బెర్లిను విడిచిన యూదు కుటుంబములోని జోసెఫ్ వైజెన్‌బామ్, అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1966 నాటికి ఎలైజా అనే సంభాషణ కార్యక్రమమును రూపొందించాడు. అది మానసిక వైద్యుని అనుకరించేది. ఎదుటివారు తల్లిని గూర్చి ఒక మాట టైపు చేస్తే, కుటుంబమును గూర్చి ఇంకా చెప్పుమని అడిగేది. ఎదుటివారి మాటలనే కొన్ని నియమముల ప్రకారము త్రిప్పి వారికే అప్పగించుట తప్ప దానికి మరేమియు తెలియదు. అయినను, దాని తయారీని దగ్గరనుండి చూచిన ఆయన కార్యదర్శియే, కొంతసేపు సంభాషించిన తరువాత, తనను దానితో ఒంటరిగా విడిచి గది వెలుపలికి వెళ్లుమని ఆయనను కోరింది. ఇటువంటి కార్యక్రమములను ఆసుపత్రులలో చికిత్సకు వాడవచ్చునని కొందరు మానసిక వైద్యులు ప్రతిపాదించారు.

ఈ స్పందన వైజెన్‌బామ్‌ను కలవరపరచింది. 1976లో ప్రచురించిన తన గ్రంథములో ఆయన ప్రశ్ననే మార్చాడు. యంత్రము దేనిని చేయగలదు అనుటకంటె, చేయగలిగినను దేనిని దానికి అప్పగించకూడదు అని అడుగవలసి ఉన్నదని ఆయన వాదము. లెక్క కట్టి తేల్చుట వేరు, మనిషిగా తీర్పుతో ఎన్నుకొనుట వేరు. రెండవదానికి మనిషి జీవితము, మనిషి అనుభవించిన బాధ్యత కావాలి.

ట్యూరింగ్ పరీక్షలో తెర ఉన్నది. తెరకు ఆవల ఎవరున్నారో తెలియకపోవుటయే ఆ పరీక్షకు ఆధారము. పరిచర్యలో ఆ తెరకు చోటు లేదు. యోబు స్నేహితులు ఏడు దినములు అతనితో నేలమీద మౌనముగా కూర్చున్నారు (యోబు 2:13). ఆ తరువాత వారు పలికిన మాటలలో సిద్ధాంతరీత్యా సరియైనవి అనేకమున్నాయి, అయినను దేవుడు వారిని గద్దించాడు (42:7). మాటలను మాత్రమే కొలిచే పరీక్ష పెడితే వారి ప్రసంగములకు మంచి మార్కులు వస్తాయి, ఆ ఏడు దినములకు సున్నా వస్తుంది. పేరుపొందిన ఆ పరీక్ష దేనిని కొలవలేదో దీనివలన తెలియుచున్నది.

5. ఫ్యుర్త్ ఆరాధన

ఇప్పుడు ప్రసంగ పరిచర్యకు వచ్చెదము. 2023 జూన్ 9న జర్మనీలో, నూరెంబర్గులో జరిగిన ప్రొటెస్టెంటుల మహాసభలో భాగముగా, ఫ్యుర్త్ పట్టణములోని సెయింట్ పాల్ ఆలయములో ఒక ఆరాధన జరిగింది. 300 మందికి పైగా హాజరయ్యారు. సుమారు 40 నిమిషముల ఆ ఆరాధనలో ప్రసంగము, ప్రార్థనలు, ఆశీర్వాదము చాలవరకు చాట్‌జీపీటీ ద్వారా సమకూర్చబడినవి. తెరమీద కంప్యూటరు కల్పించిన మానవ రూపములు వాటిని పలికాయి. దీనిని ఏర్పాటు చేసిన వియెన్నా విశ్వవిద్యాలయ దైవశాస్త్రజ్ఞుడు యోనాస్ జిమ్మర్లైన్, దాదాపు 98 శాతము యంత్రమునుండి వచ్చినదేనని చెప్పాడు. గతమును విడిచిపెట్టుట, నేటి సవాళ్లను ఎదుర్కొనుట, మరణభయమును జయించుట, క్రీస్తునందు నమ్మికను కోల్పోకుండుట, ఇవి ఆ ప్రసంగములోని అంశములు. ఆ రూపము చలనము లేని ముఖముతో మాటలు పలికినప్పుడు కొందరు నవ్వారు. ఇందులో హృదయము లేదని కొందరన్నారు, ఊహించినదానికంటె బాగున్నదని మరికొందరన్నారు.

ఈ అంశముల పట్టికను చూచినప్పుడు మాకు కలిగిన ఆలోచన ఏమనగా, అందులో దుర్బోధ ఏమియు లేదు. అనేక సంఘములలో ఏ ఆదివారమైనా వినబడగల ప్రసంగమే అది. ఇక్కడ యంత్రముకంటె ముందు మనమే విమర్శకు గురి అవుచున్నాము. ఈ యంత్రములు లెక్కలేనన్ని వ్రాతలను చదివించి తయారు చేయబడ్డవి. ఒక మాట తరువాత ఏ మాట రావచ్చునో అంచనా కట్టి అవి వాక్యములను కూర్చుతాయి. కాబట్టి వాటికి అతి సులభమైనది అందరూ చెప్పే మాట. ఏ ఊరికైనా, ఏ ఆదివారమునకైనా సరిపోయే ప్రసంగములను మనము చేస్తూ వచ్చినట్లయితే, అటువంటి ప్రసంగమును చేయుటకు మనిషి అవసరము లేదని ఫ్యుర్త్ ఆరాధన మనకు చూపినది.

యంత్రము మరణభయమును గూర్చి మాట్లాడింది గాని, అది మరణించవలసినది కాదు. 1 యోహాను 1:1-3లో అపొస్తలుడు తాను విన్నదానిని, కన్నదానిని, చేతులతో తాకినదానిని ప్రకటించుచున్నానని చెప్పుచున్నాడు. సాక్షి తన సాక్ష్యముతో పాటు తనను కూడా అప్పగించుకుంటాడు. నాతాను దావీదు ఎదుట నిలిచి, ఆ మనుష్యుడు రాజేనని చెప్పినప్పుడు (2 సమూయేలు 12), ఆ కథ ఎంత చక్కగా కూర్చబడినదైనా, దాని బలము ప్రాణమునకు తెగించి అక్కడ నిలిచిన మనిషిలో ఉన్నది.

తెలుగు సంఘ చరిత్రలో కూడా ఇదే చూస్తాము. 1876-78 కరవు కాలములో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో కొంతభాగమును కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. ఆయన దేశీయ బోధకులు ఆ త్రవ్వకము పనిని పర్యవేక్షిస్తూ, కూలీలు విశ్రమించే వేళలలో వారితో కూర్చుని సువార్త చెప్పారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందుటకు వెనుక అనేక కారణములున్నవి. వాటిలో ఒకటి, మట్టిలో తమ ప్రక్కన నిలిచిన బోధకులను ఆ కూలీలు కన్నులార చూచియుండుట.

6. లెక్క అప్పగించువాడు ఎవరు?

స్థానము అనే మాటకు పరిచర్యలో అర్థమేమి? హెబ్రీయులకు 13:17 నాయకులను లెక్క అప్పగించవలసినవారిగా చూపుతుంది. యెహెజ్కేలు 33లో కావలివాడు బాకా ఊదకపోతే నష్టపోయినవారి రక్తమునకు అతడే ఉత్తరవాది. కాపరి పదవికి మూలము ఈ ఉత్తరవాదిత్వమే.

లోకసంబంధమైన న్యాయస్థానము కూడా దీనిని గ్రహించింది. 2023లో న్యూయార్కులో ఒక విమాన సంస్థపై దావాలో న్యాయవాదులు చాట్‌జీపీటీ ఇచ్చిన పూర్వపు తీర్పులను కోర్టుకు సమర్పించారు. ఆ తీర్పులు అసలు లేవని, యంత్రము వాటిని కల్పించినదని తేలింది. న్యాయమూర్తి 5,000 డాలర్ల జరిమానాను ఆ న్యాయవాదులకు, వారి సంస్థకు విధించాడు. తప్పు పలికినది యంత్రమైనా, బోనులో నిలువవలసినది మనిషే. లేని వచనమును, లేని గ్రీకు అర్థమును యంత్రమునుండి తెచ్చి పులపీఠముమీద చదివే సేవకునికి ఇది హెచ్చరిక.

మరియొక ఉదాహరణ 2024 ఏప్రిలులోనిది. అమెరికాలోని క్యాథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ ఫాదర్ జస్టిన్ అనే పేరుతో ఒక యంత్ర యాజకుని ప్రవేశపెట్టింది. అది తాను నిజమైన యాజకుడనని, అస్సీసీలో నివసించుచున్నానని చెప్పింది. గాటరేడ్ అనే క్రీడాపానీయముతో బాప్తిస్మమివ్వవచ్చునని కూడా ఒకరికి జవాబిచ్చింది. కొద్ది దినములలోనే ఆ సంస్థ యాజక వేషమును, 'ఫాదర్' బిరుదును తొలగించి దానిని వట్టి జస్టిన్‌గా మార్చవలసి వచ్చింది. సమాచారము చెప్పు పనిలో దానిని ఉంచగలిగారు, అభిషేకము పొందినవాని స్థానములో ఉంచలేకపోయారు.

ఇప్పుడు బిలాము గాడిద వద్దకు మరల వచ్చెదము. దేవుడు గాడిద ద్వారా మాట్లాడగలిగితే యంత్రము ద్వారా మాట్లాడలేడా అని కొందరు అడుగుతారు. మాట్లాడగలడు, మేము దానిని కాదనము. అయితే గాడిద మాట్లాడిన తరువాత అది ప్రవక్త కాలేదు. దూత ఎదుట సాష్టాంగపడి తన పాపమును ఒప్పుకొనవలసినవాడు బిలామే. ట్యూరింగ్‌కు మన జవాబు కూడా ఇక్కడనే ఉన్నది: దేవుడు ఎవరి ద్వారా, దేని ద్వారా పలుకగలడన్నది ఆయన ఇష్టము, లెక్క అడుగుటకు మాత్రము ఆయన నిలువబెట్టినది మానవుని.

7. ఒక న్యాయమైన అభ్యంతరము

ఇతరుల ప్రసంగములను వాడుకొనుట క్రొత్త సంగతి కాదు గదా అని అడుగవచ్చు. నిజమే. 1547లో ఇంగ్లండు సంఘము, స్వయముగా బోధించుటకు అనుమతి లేని పాదిరులు చదువుటకై ప్రసంగముల గ్రంథమునే ముద్రించింది. మన సేవకులలో ప్రసంగ దర్పణముల మీద ఆధారపడి సంవత్సరములు గడిపినవారున్నారు. వారానికి నాలుగైదు కూటములు నడిపిస్తూ, కుటుంబ పోషణకు వేరే పని కూడ చేసుకుంటూ, గ్రంథాలయము లేని పల్లెలో ఉన్న కాపరిని మేము నిందించము. అతనికి వ్యాఖ్యాన గ్రంథములలోని విషయము తెలుగులో చేతికి అందుట గొప్ప సహాయము.

ఎరువు తెచ్చుకొన్న మాటలే దోషమైతే మనలో నిర్దోషులు ఎవరూ ఉండరు. అయితే ముద్రిత ప్రసంగమునకు ఒక రచయిత, ఒక సంఘపు ఆమోదము వెనుక ఉన్నవి. ఇక్కడ ఎవరూ లేరు, కాబట్టి భారమంతయు పలుకువానిమీదనే పడుతుంది. యిర్మీయా 23:30లో ఒకరియొద్దనుండి ఒకరు మాటలు దొంగిలించే ప్రవక్తలమీద దేవుడు కోపపడుచున్నాడు. ఆ అధ్యాయములో వారిమీద మోపబడిన నేరము, వారు దేవుని ఆలోచన సభలో నిలువకుండానే పలికారన్నది.

కాబట్టి సేవకులు తమను తాము కొన్ని ప్రశ్నలు వేసుకొనవలెనని మా సలహా. యంత్రమును తెరువకముందు ఈ వాక్యభాగము క్రింద నేను కూర్చున్నానా? యంత్రము చూపిన ప్రతి వచనమును, ప్రతి చరిత్రాంశమును స్వయముగా తెరచి చూచానా? ఈ వారము నేను దర్శించిన ఇండ్లలోని దుఃఖము ఈ ప్రసంగములో వినబడుచున్నదా? ఇది ఎట్లు సిద్ధమైనదో సంఘపెద్దలు అడిగితే దాచకుండ చెప్పగలనా? మరణశయ్యమీద ఉన్నవారికి, పాపమును ఒప్పుకొనుటకు వచ్చినవారికి యంత్రము వ్రాసిన ప్రార్థనను చదివి వచ్చుట మాత్రము తగదని మేము స్పష్టముగా చెప్పుచున్నాము. అక్కడ తడబడిన రెండు మాటలు చాలును.

వేదాంత కళాశాలలకు కూడా ఒక మాట. విద్యార్థి సమర్పించిన వ్యాసమునకు మాత్రమే మార్కులు వేస్తే, మనము ట్యూరింగ్ పరీక్షను నడుపుచున్నాము. విద్యార్థిని ఎదుట కూర్చుండబెట్టి ప్రశ్నించుట, క్షేత్రములో అతని పరిచర్యను వెంట ఉండి చూచుట, ఇవి పాత పద్ధతులే గాని ఇప్పుడు వాటి విలువ పెరిగినది.

ముగింపు

యంత్రమునకు ఆత్మ లేదనే వాదముతో మానవుని ఘనతను కాపాడుకొనుటకు ప్రయత్నించినవారికి ట్యూరింగ్ చిక్కు ప్రశ్న వేశాడు. ఆయన ఖండించిన అభ్యంతరముకంటె లేఖనములు చెప్పేది లోతైనది. మానవుడు తెలివి వలన దేవుని స్వరూపము కాలేదు. దేవుడు అతనిని పిలిచి, నిలిపి, లెక్క అడుగుచున్నాడు. ఆ స్థానము ఖాళీ అయితే యంత్రము దానిని నింపలేదు, అది ఖాళీగానే ఉంటుంది, ఖాళీగా ఉన్నదని గుర్తించలేనంత నేర్పుగా మాటలు మాత్రము వినబడుతాయి. సంఘమునకు నిజమైన అపాయము ఇదే. యంత్రము కాపరి కాగలదా అని చర్చించుచున్న సమయములో, కాపరులమైన మనము మన స్థానమును మనమే విడిచి వెళ్లకుండ జాగ్రత్తపడవలసి ఉన్నది.